పసిబిడ్డ ఐసీయూ తలుపు తెరుచుకుంది, పెద్దల ఐసీయూ సంగతేమిటి?

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం... ఏ పెద్ద ఆస్పత్రికి వెళ్లినా ఐసీయూ బయట కనిపించే దృశ్యం దాదాపు ఒక్కటే. వరుసగా ఇనుప కుర్చీలు, వాటి కింద చుట్టి పెట్టిన చాపలు, స్టీలు క్యారియర్లు, మందుల కవర్లు, ఫోన్ చార్జింగ్ కోసం ఒకే ప్లగ్గు దగ్గర చేరిన నలుగురు. తలుపు మీద బోర్డు ఉంటుంది: ఉదయం 11 నుంచి 11.30 వరకు, సాయంత్రం 5 నుంచి 5.30 వరకు, ఒకసారికి ఒక్కరే. లోపలి నుంచి ఎవరు బయటికి వచ్చినా అందరూ ఒక్కసారి లేచి నిలబడతారు. వచ్చింది డాక్టరు కాదని తెలిశాక మళ్లీ కూర్చుంటారు. చివరికి ఎవరో ఒకరు సెక్యూరిటీ గార్డునే అడుగుతారు, "అన్నా, మా నాయనకు ఎట్లుంది?" అని. అతనికి తెలియదు. తెలియదని చెప్పడానికి మనసొప్పక "బానే ఉన్నాడంట" అంటాడు. ఆ మాటే ఫోన్‌లో ఊరికి చేరుతుంది.

తలుపు అవతల మరో లోకం. మంచం మీద అరవై దాటిన మనిషి. ఆయన కళ్లద్దాలు, చెవి మిషన్, కట్టుడు పళ్లు ఒక కవర్లో పెట్టి చేరిన రోజే ఇంటివాళ్లకు ఇచ్చేశారు. గొంతులో పైపు ఉంది కాబట్టి మాట రాదు. పైపు లాగేసుకుంటాడేమోనని చేతులు మంచానికి కట్టారు. కిటికీ లేదు. లైట్లు రాత్రీ పగలూ ఒకేలా వెలుగుతుంటాయి. ఏదో ఒక మానిటర్ మోగుతూనే ఉంటుంది. చూసుకునే సిస్టర్ కేరళ నుంచో, ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చిన అమ్మాయి. పనిలో దిట్టే, కానీ ఆమె తెలుగు ఆయనకు అందదు, ఆయన సైగలు ఆమెకు అర్థం కావు. రెండో రోజో మూడో రోజో ఆయన పరుపు మీద కొట్టుకోవడం మొదలుపెడతాడు. లేదంటే అసలు ఉలుకూ పలుకూ లేకుండా కప్పు వైపు చూస్తూ ఉండిపోతాడు.

పెద్దవాళ్లు దీన్ని సంధి అనేవారు. వైద్యశాస్త్రం డెలీరియం అంటుంది. తీవ్రమైన జబ్బు, మత్తుమందులు, నిద్రలేమి, ఇన్‌ఫెక్షన్ వంటివన్నీ కలిసి మెదడు పనితీరును ఒక్కసారిగా తలకిందులు చేసే స్థితి ఇది. 2001లో అమెరికాలో వెంటిలేటర్ మీద ఉన్న రోగులను జాగ్రత్తగా పరీక్షిస్తే పదిమందిలో ఎనిమిది మందికి పైగా ఏదో ఒక దశలో ఈ స్థితికి లోనయ్యారని తేలింది. డెలీరియం వచ్చిన వారు ఆరు నెలల్లోపు చనిపోయే ప్రమాదం రాని వారికంటే చాలా ఎక్కువని 2004లో అదే బృందం చూపింది. అప్పటివరకు దీన్ని జబ్బులో భాగంగా వచ్చే తాత్కాలిక గందరగోళంగానే చాలామంది చూసేవారు. హాలోపెరిడాల్ వంటి మందులు దీన్ని తగ్గిస్తాయన్న నమ్మకమూ బలంగా ఉండేది. 2018లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో ఆ మందుకూ, మందు లేని సెలైన్‌కూ తేడా కనిపించలేదు.

ఇక చేతిలో మిగిలినవి చాలా మామూలు పనులు. నొప్పి లేకుండా చూడటం, మత్తు తగ్గించి రోజుకోసారి మేలుకొలిపి సొంతంగా ఊపిరి పీల్చుకోగలడో లేదో చూడటం, మత్తుమందును జాగ్రత్తగా ఎంచుకోవడం, డెలీరియం ఉందేమో రోజూ పరీక్షించడం, వీలైనంత త్వరగా లేపి కూర్చోబెట్టడం, చివరగా కుటుంబాన్ని చికిత్సలో కలుపుకోవడం. ఈ ఆరింటిని ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ అక్షరాలతో ఒక కట్టగా కట్టి అమెరికా క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం ప్రచారంలోకి తెచ్చింది. ఎఫ్ అంటే ఫ్యామిలీ. 68 ఐసీయూల్లో 15 వేల మందికి పైగా రోగుల మీద సేకరించిన వివరాలు 2019లో వెలువడ్డాయి. ఈ ఆరింటినీ ఎంత పూర్తిగా పాటిస్తే మరణాలు, డెలీరియం, మళ్లీ ఐసీయూకు రావడం అంత తక్కువగా కనిపించాయి. ఇది పరిశీలన మాత్రమే, లాటరీ తీసి రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్ష కాదు. అందుకే ఎఫ్ ఒక్కటే ప్రాణం నిలుపుతుందని ఎవరూ అనలేరు. కానీ ఆ అక్షరాన్ని చికిత్స జాబితాలోంచి తీసి సెక్యూరిటీ డెస్కుకు అప్పగించడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు.

చరిత్రలో ఒక తమాషా ఉంది. ఐసీయూ అనే ఆలోచన పుట్టిందే రోగి పక్కన మనిషి కూర్చోవడం నుంచి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు ఊపిరి ఆడని రోగులకు సరిపడా యంత్రాలు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టించి, చేత్తో సంచి నొక్కుతూ గాలి ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాడు. వైద్య విద్యార్థులు వందల సంఖ్యలో వంతులవారీగా రోగి పక్కన కూర్చుని రాత్రింబవళ్లు ఆ సంచి నొక్కారు. ఆ తర్వాతే ప్రత్యేక విభాగాలు, వెంటిలేటర్లు వచ్చాయి. మన దేశంలో కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో వెంటిలేటర్ ఖాళీ లేనప్పుడు అదే సంచిని, అంటే అంబు బ్యాగును, బంధువు చేతికి ఇచ్చి గంటల తరబడి నొక్కుతూ ఉండమన్న సందర్భాలు వార్తల్లోనూ వైద్య పత్రికల్లోనూ నమోదయ్యాయి. వార్డులో తండ్రి ఊపిరిని కొడుకు చేతిలో పెట్టగలిగిన వ్యవస్థ, అదే తండ్రికి ఐసీయూలో మంచం దొరికాక ఆ కొడుకును అరగంటకు మించి లోపలికి రానివ్వదు. దీన్ని వైద్యపరమైన తర్కంతో సమర్థించడం కష్టం.

కుటుంబాన్ని ఐసీయూలోకి రానివ్వడం పాశ్చాత్య దేశాల విలాసమనీ, రద్దీగా ఉండే మన ఆస్పత్రుల్లో కుదరదనీ తరచూ వినిపిస్తుంది. ఈ వాదనకు జవాబు కోసం విదేశాలకు వెళ్లనక్కర్లేదు. ఐసీయూల్లోకెల్లా అత్యంత సున్నితమైన చోట, నెలలు నిండని పసిబిడ్డలను ఉంచే చోట, ఈ దేశమే తలుపు తెరిచి చూపింది.

న్యూఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రి నవజాత శిశు విభాగంలో తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి బిడ్డ సంరక్షణలో భాగస్వాములను చేశారు. కబుర్లతో సరిపెట్టకుండా దాన్ని పరీక్షగా నిర్వహించారు. 295 మంది శిశువులను రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు మామూలు పద్ధతి. రెండో గుంపులో తల్లి గానీ, ఇంట్లో మరొకరు గానీ చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి పాలు పట్టడం, ప్రమాద సూచనలు గుర్తించడం వరకు వీడియోల సాయంతో నేర్చుకుని లోపలికి వచ్చారు. ఫలితాలు 2017లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చాయి. కుటుంబ సభ్యులు లోపల తిరిగినందువల్ల ఆస్పత్రి ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. ఇంటికి వెళ్లే ముందు తల్లిపాలు మాత్రమే తాగుతున్న బిడ్డలు మామూలు పద్ధతిలో సుమారు 67 శాతం ఉంటే, కుటుంబం పాల్గొన్న గుంపులో సుమారు 80 శాతం ఉన్నారు.

అదే ఏడాది కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కుటుంబ భాగస్వామ్య సంరక్షణ పేరుతో జిల్లా ఆస్పత్రుల్లోని నవజాత శిశు ప్రత్యేక విభాగాలకు కార్యాచరణ మార్గదర్శకాలు విడుదల చేసింది. అందులోని పద్ధతి చాలా సరళం. నాలుగు పాఠాలు. మొదటిది లోపలికి వచ్చే ముందు చేతుల శుభ్రత, గౌను. రెండోది బిడ్డను శుభ్రం చేయడం, పాలు పితికి పట్టడం. మూడోది ఒంటికి ఒళ్లు తగిలేలా ఎదకు హత్తుకునే కంగారూ సంరక్షణ. నాలుగోది ఇంటికి వెళ్లాక చూసుకోవాల్సినవి. చదువు రాని తల్లి కూడా నేర్చుకునేలా బొమ్మలు, వీడియోలు. చెప్పేది నర్సు. కొత్త భవనం కట్టమని అందులో లేదు.

ఆ తర్వాతి అడుగు ఇంకా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియా దేశాల్లోని ఐదు ఆస్పత్రుల్లో 3,211 మంది తక్కువ బరువు శిశువుల మీద ఒక పరీక్ష జరిగింది. భారత్ తరఫున పాల్గొన్నది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలు వీళ్లు. అప్పటిదాకా బిడ్డ పరిస్థితి కుదుటపడ్డాకే తల్లి ఎదపైకి ఇచ్చేవారు. ఈ పరీక్షలో ఒక గుంపుకు పుట్టిన వెంటనే మొదలుపెట్టారు. అందుకోసం తల్లి మంచాన్నే ఐసీయూలోకి తెచ్చారు. అంటే బిడ్డకు సందర్శకురాలిగా కాదు, ఆ విభాగంలో ఉండే మనిషిగా తల్లి అక్కడ ఉంది. రోజుకు సగటున 17 గంటల దాకా బిడ్డ తల్లి ఎద మీదే. 28 రోజుల్లోపు మరణాలు పాత పద్ధతిలో 15.7 శాతం, కొత్త పద్ధతిలో 12 శాతం. ఇన్‌ఫెక్షన్ అనుమానించిన కేసులు కూడా కొత్త పద్ధతిలోనే తక్కువ. ప్రయోజనం అంత స్పష్టంగా ఉండటంతో పరీక్షను ముందే ఆపేశారు. 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఈ ఫలితాల తర్వాత 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సునే మార్చుకుంది.

పుట్టి గంటలు గడవని, రోగనిరోధక శక్తి ఇంకా రాని, కిలో బరువున్న బిడ్డ పక్కన రోజంతా ఒక మనిషి ఉండొచ్చని రుజువైంది. అలాంటప్పుడు గుండెపోటుతోనో, న్యుమోనియాతోనో చేరిన 62 ఏళ్ల మనిషి దగ్గరికి భార్య వస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుందన్న భయం ఎంతవరకు నిలుస్తుంది? పెద్దవారి విషయంలో తల్లి ఒంటి వెచ్చదనం లాంటి శరీరధర్మం పనిచేయదు, నిజమే. ఒక చోట వచ్చిన లాభాన్ని ఇంకో చోటికి యథాతథంగా మోయలేం. కానీ ప్రమాదం గురించిన వాదన రెండు చోట్లా ఒక్కటే.

ఆ ప్రమాదాన్ని పెద్దల ఐసీయూల్లో నేరుగా కొలిచినవాళ్లూ ఉన్నారు. ఇటలీలోని ఒక గుండెజబ్బుల ఐసీయూలో కొన్ని నెలలు మన బోర్డుల్లాగే రోజుకు రెండుసార్లు అరగంట పద్ధతి, మరికొన్ని నెలలు రోగి ఇష్టప్రకారం ఎంతసేపైనా ఒకరు ఉండే పద్ధతి మార్చిమార్చి అమలు చేశారు. 2006లో వచ్చిన ఫలితాల్లో ఒక విషయం భలేగా ఉంది. మనుషులు ఎక్కువగా తిరిగిన నెలల్లో గదిలోని గాలిలో, వస్తువుల మీద సూక్ష్మజీవులు నిజంగానే పెరిగాయి. కానీ రోగులకు ఇన్‌ఫెక్షన్లు పెరగలేదు. పైగా గుండెకు సంబంధించిన తీవ్ర సమస్యలు తగ్గాయి. ఐసీయూ ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లే చేతుల వల్ల, ఒంట్లోకి వెళ్లే గొట్టాల వల్ల వస్తాయి. భార్య ఒక్క మంచం దగ్గరే కూర్చుంటుంది. పది మంచాలు తిరిగేది సిబ్బందే.

ఇంతకంటే పెద్ద పరీక్ష బ్రెజిల్‌లో జరిగింది. 36 ఐసీయూలు, 1,600 మందికి పైగా రోగులు. ఆర్థికంగా, ఆస్పత్రుల రద్దీ పరంగా బ్రెజిల్ మనకు మరీ దూరమైన దేశం కాదు కాబట్టి ఈ ఫలితాలకు ఇక్కడ విలువ ఎక్కువ. రోజుకు 12 గంటల దాకా ఉండనిచ్చి, ముందుగా కుటుంబానికి ఐసీయూ గురించి వివరించే పద్ధతిని, గంటన్నర పద్ధతితో పోల్చారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం డెలీరియం తగ్గలేదు. 20.1 శాతం ఉన్నది 18.9 శాతం అయింది, అది లెక్కలోకి వచ్చే తేడా కాదు. కుటుంబాన్ని పిలిస్తే సంధి పోతుందని గట్టిగా చెప్పేవారు ఈ అంకెను మింగి తీరాలి. అయితే ఇన్‌ఫెక్షన్లూ పెరగలేదు, సిబ్బంది అలసటా పెరగలేదు. స్పష్టంగా మెరుగుపడింది కుటుంబ సభ్యుల ఆందోళన, కుంగుబాటు. ఇంకో సంగతి: 12 గంటల అనుమతి ఉన్నా మనుషులు సగటున ఉన్నది అయిదు గంటల లోపే. తలుపు తెరిస్తే జనం వచ్చి పడిపోతారన్న భయానికి ఇది చిన్న సమాధానం.

"ఇక్కడి జనం వేరు" అని ఐసీయూ వైద్యులు అంటే తీసిపారేయలేం. ఒక రోగి వెంట ఊరు ఊరంతా వస్తుంది. పరిస్థితి విషమిస్తే నిమిషాల్లో యాభై మంది పోగై అద్దాలు పగలగొట్టిన ఘటనలు దేశమంతటా ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే పీజీ విద్యార్థినికి ఆ భయం ఊహ కాదు. అయితే ఆ గుంపు ఎలా తయారవుతుందో కూడా చూడాలి. అరగంట గడువులో ఒక్కరే వెళ్లాలంటే ప్రతి బంధువూ ఆ ఒక్కరు తానే కావాలనుకుంటాడు. లోపల చూసినవాడు బయటికొచ్చి చెప్పేది ఒకటి, గార్డు చెప్పింది ఇంకొకటి, బిల్లు కౌంటర్లో తెలిసింది మరొకటి. మూడు రోజులు ఏమీ తెలియకుండా గడిచి, నాలుగో రోజు "చేయాల్సిందంతా చేశాం" అని వింటే వచ్చేది దుఃఖం కంటే ముందు అనుమానం. రోజంతా మంచం పక్కన ఉన్న కూతురు మాత్రం నాన్న బీపీ ఎలా పడిపోతూ వచ్చిందో, సిస్టర్ ఎన్నిసార్లు పరిగెత్తిందో తన కళ్లతో చూసి ఉంటుంది. బయట ఉన్న యాభై మందికి ఆమె చెప్పే మాటకు ఉండే నమ్మకం ఆస్పత్రి పీఆర్వో మాటకు రాదు.

ఇక్కడే మాట్లాడటం అనే పని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. తలుపు తెరిచి, నోరు తెరవకపోతే ప్రయోజనం తక్కువ.

పారిస్‌లోని ఒక ఐసీయూలో 2000 ప్రాంతంలో కుటుంబ సభ్యులు వైద్యులతో మాట్లాడి వచ్చాక ఏం అర్థమైందని అడిగితే, సగానికి పైగా మందికి జబ్బేమిటో, చికిత్సేమిటో, బతికే అవకాశమెంతో సరిగ్గా తెలియలేదు. అక్కడ వైద్యుడికీ బంధువుకీ భాష ఒక్కటే. ఇక్కడ "బీపీ మెయింటైన్ కావట్లేదు, ఐనోట్రోప్స్ మీద ఉన్నారు, క్రియాటినైన్ రైజ్ అవుతోంది, 24 అవర్స్ వెయిట్ చేద్దాం" అన్న వాక్యంలో తెలుగు ఎంత? వింటున్న పెద్దాయన తలూపుతాడు. తలూపడం అర్థమైనట్టు కాదు, గౌరవం. అదే మాటను "గుండె తన బలంతో రక్తాన్ని తోయలేకపోతోంది, మందు బలంతో నడిపిస్తున్నాం, కిడ్నీలు కూడా దెబ్బతింటున్నాయి, ప్రాణానికి ప్రమాదం ఉంది" అని చెప్పడానికి పట్టే సమయం మరో పది సెకన్లు. వైద్య కళాశాలల్లో ఇలా చెప్పడం ఒక నైపుణ్యంగా నేర్పి, పరీక్ష పెట్టాలి.

ఫ్రాన్స్‌లోనే 22 ఐసీయూల్లో, ఇక బతకరని తేలిన 126 మంది రోగుల కుటుంబాలతో జరిగిన మరో పరీక్ష 2007లో వచ్చింది. ఒక గుంపుతో వైద్యులు మామూలుగానే మాట్లాడారు. మరో గుంపుతో ఒక పద్ధతి ప్రకారం కూర్చుని మాట్లాడి, ఒక కరపత్రం ఇచ్చారు. ఆ సమావేశం 20 నిమిషాల బదులు 30 నిమిషాలు సాగింది. అసలు తేడా అది కాదు. మామూలు సమావేశంలో కుటుంబం మాట్లాడింది 5 నిమిషాలు, రెండో దాంట్లో 14 నిమిషాలు. వైద్యుడు మాట్లాడటం తగ్గించి, రోగి ఎలాంటి మనిషో చెప్పమని అడిగి విన్నాడు. మూడు నెలల తర్వాత చూస్తే, ఆ గాయం మనసును వెంటాడుతున్న లక్షణాలు మామూలు గుంపులో 69 శాతం మందిలో, రెండో గుంపులో 45 శాతం మందిలో కనిపించాయి. పది నిమిషాల ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే మందు ఐసీయూ ఫార్మసీలో వెతికినా దొరకదు.

మాట్లాడితే చాలు, ఎవరైనా ఫరవాలేదు అనుకుంటే మాత్రం పొరపాటే. అమెరికాలో 4 ఐసీయూల్లో చికిత్స చేస్తున్న బృందం బదులు ఉపశమన వైద్య నిపుణులు విడిగా వచ్చి కుటుంబాలతో సమావేశాలు పెట్టినప్పుడు ఆందోళన తగ్గలేదు, వెంటాడే లక్షణాలు కొంత పెరిగాయి కూడా. 2016 నాటి ఈ ఫలితం మన కార్పొరేట్ ఆస్పత్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. కుటుంబంతో మాట్లాడే పనిని తియ్యగా మాట్లాడే కౌన్సెలర్‌కో, పేషెంట్ కేర్ ఎగ్జిక్యూటివ్‌కో అప్పగించి చేతులు దులుపుకోవడం అక్కడ మామూలైంది. మంచం దగ్గర నిలబడి నిర్ణయం తీసుకునే డాక్టరే వచ్చి చెప్పాలి.

మన కుటుంబాల తీరులోనూ చిక్కులున్నాయి. "నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి డాక్టర్ గారూ" అనే కొడుకు, అమెరికా నుంచి ఫోన్‌లో చికిత్స నడిపించే పెద్ద కొడుకు, నలుగురు అన్నదమ్ములున్నా సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాని ఇల్లు. రోజూ పక్కనే ఉండే భార్యను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. సంరక్షణ కేంద్రంలో కుటుంబం ఉండాలంటే ముందు అక్కడ రోగి ఉండాలి. మెలకువగా ఉన్న రోగిని అడక్కుండా బంధువులతోనే అన్నీ తేల్చుకోవడం కుటుంబ కేంద్రిత సంరక్షణ అనిపించుకోదు. తన దగ్గర ఎవరుండాలో, ఎవరుండకూడదో చెప్పే హక్కు కూడా ఆయనదే.

డబ్బు సంగతి దాచి ఈ చర్చ చేయడం కుదరదు. ఆరోగ్యశ్రీ వంటి పథకాల పరిధిలోకి రాని జబ్బయితే, పరిమితి దాటితే, రోజువారీ ఐసీయూ బిల్లు కోసం పొలం కాగితాలు బయటికి వస్తాయి. బతికే అవకాశం ఎంతో స్పష్టంగా తెలియకుండా ఆ కాగితాలు తాకట్టు పెట్టించడం అన్యాయం. "ఇక మావల్ల కాదు" అని వైద్య సలహాకు విరుద్ధంగా సంతకం చేసి, వెంటిలేటర్ తీయించి అంబులెన్సులో ఇంటికి తీసుకెళ్లే కుటుంబాలు ప్రతి పెద్ద ఆస్పత్రికీ తెలుసు. దారిలో నొప్పికి మందు లేదు, ఆయాసానికి ఉపశమనం లేదు. మేలు జరగని చికిత్స ఆపే విషయంలో సుప్రీంకోర్టు 2018లో మార్గం చూపింది, 2023 జనవరిలో ఆ ప్రక్రియను సులభం చేసింది. రోగి గానీ, బంధువులు గానీ వద్దంటే ఐసీయూలో చేర్చకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు 2024 జనవరిలో వెలుగులోకి వచ్చాయి. సమాచారం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన హక్కుల పత్రం మొదటి అంశంగానే చెప్పింది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. ఇవన్నీ అమలయ్యేది ఒక గదిలో, నాలుగు కుర్చీలు వేసి, డాక్టరు కూర్చుని మాట్లాడినప్పుడే. చాలా ఐసీయూల దగ్గర ఆ గదే లేదు. మాటలన్నీ నిలబడి, తలుపు దగ్గర, అందరూ వింటుండగానే అయిపోతాయి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కుటుంబ భాగస్వామ్యం అంటే జీతం ఇవ్వని నర్సు దొరికిందని కాదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్ట్రెచర్ తోసేది, రక్తం శాంపిల్ ల్యాబుకు మోసేది, బెడ్‌పాన్ తీసేది ఇప్పటికే బంధువులే. వెంటిలేటర్ రోగికి ఒక నర్సు ఉండాల్సిన చోట నలుగురికి ఒకరున్నప్పుడు "కుటుంబాన్ని భాగస్వామిని చేద్దాం" అనే నినాదం ఖాళీ పోస్టులను కప్పిపుచ్చే ముసుగుగా మారుతుంది. పైపులోంచి కఫం తీయడం, మందు ఎక్కించడం, మానిటర్ కాపలా కాయడం బంధువు పని కానే కాదు. ఆయన పని వేరు. కళ్లద్దాలు పెట్టడం, చెవి మిషన్ బ్యాటరీ చూడటం. ఈరోజు గురువారం, బయట వాన పడుతోంది, మనవడి పరీక్షలు అయిపోయాయి అని చెప్పడం. పెదాలు తడపడం. ఫిజియోథెరపిస్టు చూపినట్టు చేతులు కాళ్లు కదిలించడం. ఆయనకు వడియాలంటే ఇష్టమనీ, ఎడమ చెవి వినపడదనీ, రాత్రి లైటుంటే నిద్రపోడనీ సిస్టర్‌కు చెప్పడం. ఇవన్నీ సిబ్బందికి తెలియని విషయాలు, ఇంటివాళ్లు తప్ప ఎవరూ చెప్పలేనివి.

పైగా ఈ పనులు నేర్చుకోవడం ఐసీయూతో ముగియదు. బతికి బయటపడిన వారిని నెలల తరబడి కండరాల నీరసం, మతిమరుపు, భయం, కుంగుబాటు వెంటాడతాయని, వాటన్నింటినీ కలిపి ఐసీయూ అనంతర లక్షణాల సముదాయంగా గుర్తించాలని 2010 నుంచి వైద్య ప్రపంచం అంటోంది. కుటుంబానికి వచ్చే మానసిక సమస్యలనూ అందులోనే ప్రత్యేకంగా చేర్చారు. ఐసీయూ నుంచి వార్డుకు, వార్డు నుంచి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరికి వెళ్లాక ఆ మనిషిని లేపి కూర్చోబెట్టేది, మెడలోని గొట్టం శుభ్రం చేసేది ఎవరు? తలుపు బయట పదిహేను రోజులు కూర్చోబెట్టిన ఆ భార్యే. డిశ్చార్జి రోజున పది నిమిషాల్లో ఆమెకు అన్నీ చెప్పేస్తున్నారు. ఆ పదిహేను రోజుల్లో రోజుకు పది నిమిషాలు చెప్పి ఉంటే నేర్చుకునేది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది పెద్ద ప్రశ్న కాదు, ఎందుకంటే నవజాత శిశు విభాగాల నమూనా కళ్లముందే ఉంది. రోగికి ఒకరు లేదా ఇద్దరు పేర్లు రాసిన పాసు. లోపలికి వచ్చే ముందు చేతుల శుభ్రత మీద, ఏది ముట్టుకోకూడదన్న దాని మీద తెలుగులో, ఉర్దూలో, అవసరమైన చోట గోండిలో చిన్న వీడియో. మంచాల మధ్య కర్టెన్లు. ఒక మంచం దగ్గర అత్యవసరం వస్తే సిస్టర్ చెప్పగానే బయటికి వెళ్లాలన్న నియమం. రోజూ ఒకే వేళకు డాక్టరు కూర్చుని మాట్లాడటం, ఏం చెప్పారో కేసు షీటులో రెండు ముక్కలు రాయడం, సాయంత్రం వచ్చే డాక్టరు అది చదివి అదే మాట చెప్పడం. మొదట పగలు నాలుగు గంటలతో మొదలుపెట్టి, మూడు నెలలు ఇన్‌ఫెక్షన్ లెక్కలు చూసుకుని పెంచుకోవచ్చు. ఐసీయూలు ఆ లెక్కలు ఎలాగూ రాసుకోవాల్సిందే కాబట్టి ఎవరి మాటా నమ్మనక్కర్లేదు.

అందరూ ఉండలేరన్నది కూడా నిజం. కూలికి వెళ్లకపోతే ఇల్లు గడవని కొడుకు, చంటిబిడ్డ ఉన్న కోడలు, పొలం వదిలి రాలేని తమ్ముడు రోజంతా మంచం పక్కన కూర్చోలేరు. రాలేదని వాళ్లను తప్పు పట్టే వాతావరణం వస్తే మేలుకు బదులు కీడు. అలాంటి వారికోసం అమెరికాలో ఒక చిన్న ప్రయత్నం జరిగింది. 30 మంది రోగుల్లో కొందరికి ఇంటివాళ్ల గొంతుతో రికార్డు చేసిన రెండు నిమిషాల మాటలను పగటిపూట గంటకోసారి వినిపించారు: నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు, గొంతులో గొట్టం ఉంది కాబట్టి మాట్లాడలేవు, సిస్టర్లు నీ పక్కనే ఉన్నారు అంటూ. కొందరికి అవే మాటలు పరాయి గొంతుతో. ఇంటి గొంతు విన్నవారు డెలీరియం లేకుండా ఎక్కువ రోజులు గడిపారు. 30 మంది చాలా తక్కువ, ఇంకా పెద్ద సంఖ్యలో చూడాలి. అయినా ఊళ్లో ఉన్న మనవరాలు వాట్సాప్‌లో పంపే ఆ రెండు నిమిషాలకు కావలసింది ఒక ఇయర్‌ఫోన్, గంటకోసారి గుర్తుపెట్టుకుని నొక్కే ఒక సిస్టర్.